బకెట్టు గుర్తు మీద మా మావ

రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాది మా చిన్నమావ పార్లమెంటుకి నిలబడ్డాడు. చెబితే నమ్మరు. అమ్మకి తమ్ముడు. బుద్ధెరిగిన దగ్గర్నుంచి వల తప్ప వేరే పని పట్టని మనిషి. ఒకరోజు పొద్దున్నే సముద్రపు ఒడ్డున ఉన్న మా ఊరినుంచి బస్సెక్కి శ్రీకాకుళంలో మా గుమ్మంలోకి వచ్చి, "ఓలమ్మీ, ఎంపీకి నామినేషనెయ్యాలంటే ఏటి సెయ్యాలి?" అని అడిగాడు. నోట్లో ఉన్న కాఫీ అంతా చీర మీద పడింది.

అడగాల్సిన మనిషినే అడిగాడు లెండి. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. లోక్‌సభకి ఐదేళ్లు, మధ్యలో రద్దయితే అంతకన్నా ముందే సరి. రాజ్యసభకి రద్దన్నదే లేదు, ఒక్కొక్కరికి ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడోవంతు మంది దిగిపోతారు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేస్తాను. ఆ పాఠం చెప్పుల్లేకుండా నడిచొచ్చి మా ఇంట్లో కూర్చుంటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మావ గోల ఒక్కటే, కొడుకు. ఒక్కగానొక్కడు. మా తీరంలో పెద్ద బోట్లు ఆగడానికి జెట్టీ లేదు. అందుకని మా ఊరి కుర్రాళ్లు దేశానికి అటుచివర గుజరాత్ రేవులకి పోయి, ఎవరి బోట్ల మీదో కూలికి ఎక్కుతారు. వాడు వెళ్లి మూడేళ్లయింది. గాలికి బోటు సరిహద్దు దాటితే అవతలి దేశం వాళ్లు పట్టుకుపోతారని మావకి ఒకటే దిగులు.

"జెట్టీ సెంట్రల్ వోల్ల సేతిలో ఉన్నాదంట. అక్కడికెల్లి అడిగినోడు ఒక్కడూ లేడు. నానే ఎల్తాను. గుంటడు ఇంటికొచ్చీస్తాడు."

"నీకు పిచ్చిగానీ పట్టిందేటి మావా!" అని అరిచాను. అరిచి, ఆ కాగితాలన్నీ మళ్లీ నేనే నింపాను. నా నోరు అంతే, చెయ్యి ఇంతే. పార్టీ లేని అభ్యర్థిని పది మంది ఓటర్లు ప్రతిపాదించాలి. పది మందీ మా ఊరివాళ్లే, పోటీలు పడి సంతకాలు పెట్టారు. పడవ గుర్తు అడిగితే బకెట్టు ఇచ్చారు. "పోన్లే, సేపలేసుకోడానికి పనికొస్తాది" అన్నాడు మావ.

గెలుస్తానని ఆయన కూడా అనుకోలేదు. అంత వెర్రివాడు కాదు. "మనూరోల్లంతా నాకేస్తే సాలు. గెలిసినోడు పిలిసి, ఈడికి ఇన్ని ఓట్లెలగొచ్చినాయిరా, జెట్టీ గోలేటిరా అని అడుగుతాడు గదా!" అన్నాడు. ఆ మాట నాకూ నచ్చింది. అందుకే లెక్కింపు రోజు మావ తరఫు ఏజెంటుగా వెళ్లి, మా ఊరి మిషను ఏ టేబులు మీదికి వస్తుందో కనుక్కుని మరీ అక్కడే కూర్చున్నాను.

మిషను వచ్చింది. సీలు చూపించారు. ఆఫీసరు బటన్ నొక్కాడు. ఒక్కొక్క అభ్యర్థి నంబరూ, దాని పక్కన ఓట్లూ. మావ నంబరు వచ్చింది. పక్కన సున్నా.

"ఇంకోసారి నొక్కండి సార్!" అన్నాను. పాపం, నొక్కాడు. సున్నా. ఓలమ్మో! పది సంతకాలు కళ్లముందు తిరిగాయి. ఆ పదీ ఏ గంగలో కలిశాయి? ఊరు పోనీ, అత్తో? కట్టుకున్న పెళ్లాం కూడా వెయ్యలేదా?

మావ లోపలికి రానన్నాడు. బయట గోడవారన టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను పరుగున వెళ్లి మీద పడ్డాను.

"మావా, మనూర్లో నీకు సున్నా!"

"తెలుసు" అన్నాడు.

"తెలుసేటి? అత్త కూడా ఎయ్యలేదు, తెలుసా?"

"అత్తననకు. నానూ ఎయ్యలేదు."

తనకి తాను ఓటేసుకోని అభ్యర్థిని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"పోలింగుకి రెండ్రోజుల ముందు పెద్దలు కూకున్నారు" అన్నాడు మావ. "ఒడ్డుదాకా సిమెంటు రోడ్డేస్తామన్నోల్లకి ఊరు ఊరంతా మాటిచ్చీసింది. ఎమ్మెల్యేకీ, ఎంపీకీ రెండోట్లూ ఆల్లకే అని అమ్మోరికాడ ఒట్టేసి కర్పూరం ఆర్పీసినారు. నానూ ఆర్పినాను. మాట తప్పితే మన పడవని నీల్లలోకి దింపనిత్తారేటి?"

మా ఊళ్లో పెద్దలు మాటిచ్చారంటే ఓట్లన్నీ ఒకటే. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. పుస్తకాలు చదివి చదివి నేనే మర్చిపోయాను. నిలబడ్డవాడికి కూడా మినహాయింపు ఉండదని నా బుర్రకి తట్టలేదు. ఒళ్లు మండిపోయింది.

"ఓటు రహస్యం మావా! ఎవరికేసినావో ఎవుల్కి తెలుస్తాది?"

మావ నావంక జాలిగా చూశాడు. "నువ్విప్పుడే సెప్పినావు గదే, మనూర్లో సున్నా అని. ఒకటని సెప్పుంటే, ఆ ఒక్కటీ ఎవులిదో ఊరికి తెల్దేటి?"

ఇన్నేళ్లుగా రహస్య ఓటు పాఠం చెబుతున్నది నేనే. సిగ్గుతో తల దించుకున్నాను. ఏడుపొచ్చింది కూడా.

అప్పుడే మావ జేబులో ఫోను మోగింది. కొడుకు. చెవి సరిగా వినపడక మావ స్పీకరు పెట్టుకుంటాడు.

"నాన్నా! మనూర్లో ఎన్నొచ్చినాయి?"

"శానా వచ్చినాయిరా" అన్నాడు మావ. "ఊరంతా నాకే ఏసింది."

"మరింకేటి! జెట్టీ అడగొచ్చు. నానొచ్చీనా?"

మావ టీ గ్లాసు కింద పెట్టి, రెండుచేతులతో ఫోను పట్టుకున్నాడు.

"ఒద్దురా నాయనా. ఈ అయిదేల్లూ అక్కడే ఉండు."