వదిన కొట్టేసిన వాక్యం

మొన్న మేనకోడలు మా ఇద్దరికీ సింగపూర్ టికెట్లు తీస్తూ, నన్ను ఒక్క మాటైనా అడగకుండా, ఫోన్‌లో నా పేరు పక్కన శాకాహారం అన్నచోట వేలితో నొక్కేసింది. మల్కాజ్‌గిరిలో దాని ఇంటి వరండాలో టీ తాగుతున్నదాన్ని కప్పు కింద పెట్టేశాను. ఇంత తేలికైన పనా ఇది అని ముప్పై ఏళ్ల నాటి కోపం మళ్లీ తన్నుకొచ్చింది. ఆ కోపం దాని తల్లి మీద, అంటే మా వదిన మీద. ఆమె పోయి రెండేళ్లయింది. పోయినవాళ్ల మీద పగ పెట్టుకోకూడదని పాస్టరుగారు చెబుతూనే ఉంటారు, నేను వింటూనే ఉంటాను.

మాది లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన క్రైస్తవ కుటుంబం. క్రిస్మస్ అంటే కొత్త బట్టలూ, గులాబీ పువ్వుల పిండివంటా, మాంసం కూరా అని మన తరం వాళ్లకు వేరే చెప్పాలా! నా ఎనిమిదో ఏట, నేను చేత్తో గింజలు పెట్టి పెంచిన కోడి ఆ పండగ నాడే గిన్నెలో కనిపించింది. ఆ రోజు మానేసిన మాంసం మళ్లీ ముట్టలేదు. అమ్మ ఉన్నన్నాళ్లూ నా పప్పు నాకు వేరుగా వండిపెట్టింది. వదిన వచ్చాక మాత్రం, "క్రిస్టియన్ ఇంట్ల పుట్టి గీ నఖరాలేంది?" అని రోజూ దెప్పేది. పెళ్లి చేసుకోకుండా, తెలుగు పాఠాలు చెప్పుకుంటూ అన్నయ్య పంచన ఉన్నదాన్ని కనుక నవ్వి ఊరుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో మా సంఘం స్త్రీలను మూడు వారాలు అతిథులుగా రమ్మని స్కాట్లాండ్ నుంచి ఒక సంఘం వాళ్లు పిలిచారు. తినని పదార్థాలుంటే రాయమని ఒక కాగితం పంపారు. మాంసం, చేప తిననని గుండ్రటి అక్షరాలతో రాసి, కాగితాలన్నీ పోగుచేస్తున్న కార్యదర్శికి ఇచ్చాను. ఆ కార్యదర్శి వదినే.

అక్కడ వదినకూ నాకూ ఒక ముసలి వితంతువు ఇంట్లో బస. మొదటి రోజే గొర్రెమాంసం పులుసు పెట్టింది. వద్దంటే ముక్కలు ఏరేసి ఆ పులుసే మళ్లీ నా ముందు పెట్టింది. నా ఇంగ్లిషు ఆమెకు, ఆమె యాస నాకు అంతంతమాత్రం. గలగలా మాట్లాడే వదిన మధ్యలో దూరి, కొత్తచోట బిడియమనీ, రెండు రోజుల్లో అదే తింటుందనీ సర్దిచెప్పేది. రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలతో బతికాను. కారం కోసం తెచ్చుకున్న కందిపొడి డబ్బాను, చప్పగా ఉందంటూ తన మాంసం మీద చల్లుకుని వారంలో ఖాళీ చేసింది మా వదిన మహాతల్లి.

ఇంకో నాలుగు రోజుల్లో తిరుగు ప్రయాణమనగా, ఆ ముసలామె కళ్లనీళ్లతో నా కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. నా వాక్యాన్ని కొట్టేసి, పైన అన్నీ తింటుందని ఆకుపచ్చ సిరాతో వదిన చేతిరాతలో ఉంది. తన వంట ఏవగించుకుని పస్తులుంటున్నాననుకుందట పాపం ఆమె. ఆకలికంటే అదే నన్ను ఎక్కువ కాల్చింది. వదినను నిలదీస్తే ప్లేటులోంచి తలెత్తకుండా, "పిలిచి పెడుతుంటె కిరికిరి చేస్తె మన ఇజ్జత్ ఏముంటది?" అంది. ఆ ఇజ్జతే తీస్తానని ఆ క్షణాన ఒట్టు పెట్టుకున్నాను.

మూడేళ్లు ఓపిక పట్టాను. మేనకోడలి పెళ్లి బొల్లారంలో కుదిరింది. టైలరు చుట్టూ తిరుగుతున్న వదిన, వంటల జాబితా నా చేతికిచ్చి వంటమేస్త్రీకి అందజేయమంది. దారిలో సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బస్సు కోసం నిలబడి, మటన్ బిర్యానీ మొదలు మాంసం పేరున్న ప్రతి వంటనూ హాయిగా కొట్టేశాను. మేస్త్రీ కంగారుపడ్డాడు. "అమ్మా, షాదీల మటన్ లేకుంటె మెహమాన్లు నన్నే తిడ్తరు, జెర సోచాయించుండ్రి" అన్నాడు. ఇంటివాళ్ల మాటేనని చెప్పి వచ్చేశాను. ఆ రాత్రి పట్టిన నిద్ర మళ్లీ ఎన్నడూ పట్టలేదు.

పెళ్లినాడు గిన్నెల మూతలు తీస్తుంటే స్తంభం పక్కన నిలబడి వదిన ముఖమే చూస్తున్నాను. కూరగాయల బిర్యానీ, గుత్తొంకాయ, పప్పు. అన్నయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెళ్లికొడుకు తండ్రి, తమకు ఇదేనా మర్యాద అని గొంతు పెంచాడు. పెళ్లి వేదిక దిగిన పిల్ల బిక్కచచ్చిపోయింది. అప్పుడు తట్టింది నాకు, ఈ పగ దాని కాపురం మీద పడుతుందని. వదిన నన్నొకసారి చూసింది. ఆమెకు అర్థమైపోయింది.

"మా ఆడబిడ్డ చిన్నప్పటి సంది మాంసం ముట్టదన్నా," అంది అందరూ వినేలా. "ఆమె చేతుల మీద పెరిగిన పిల్ల పెండ్లి గద, ఒక్క పూట ఆమె తిండి తిందామని నేనే చెప్పిన." వియ్యంకుడు మెత్తబడ్డాడు. అతని తల్లి స్వయంగా మొదటి ప్లేటు నాకు వడ్డించింది. నా తిండినే మెతుకు మెతుకూ ఏరుతూ నిలబడ్డాను.

నేను మాంసం తిననని నలుగురిలో గట్టిగా చెప్పిన మొదటి మనిషి వదినే. నా పగను నడిపందిట్లో నా చేతిలోంచి లాక్కుంది. నా మీద ప్రేమతో అందో, కూతురి కోసం అందో, నన్ను ఓడించడానికే అందో, తర్వాత అన్నేళ్లు ఒకే వంటింట్లో తిరిగినా నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కొట్టేసిన వాక్యాన్ని ఎప్పటికైనా క్షమిస్తానేమో కానీ, పందిట్లో అన్న ఆ మాటను మాత్రం క్షమించలేను.

ఇప్పుడు మావాళ్ల ఏ పెళ్లికి వెళ్లినా శాకాహారానికి వేరే బల్ల, దాని మీద బోర్డు. షుగరున్నవాళ్లూ, పాలు కూడా మానేసిన కుర్రకారూ నాతో వరసలో నిలబడతారు. ఎందుకు తినవని నన్నెవరూ అడగరు. నేను మాత్రం ప్లేటు పట్టుకుని మటన్ బల్ల వైపే చూస్తుంటాను. వదిన అక్కడ నిలబడి ఒక్కసారి నన్ను దెప్పితే బాగుండును, ఈసారి నవ్వి ఊరుకోను.