గెడ్డిస్ మేస్త్రీ తడి వేలు

ర్యానల్డ్ గెడ్డిస్ లోకంలో నమ్మే పరికరం ఒక్కటే: నాలుకతో తడిపిన తన చూపుడువేలు. ఎక్కడికెళ్లినా దాన్ని గోడవైపు చాచి, చలిగాలి ఏ సందులోంచి దూరుతోందో కనిపెడతాడు.

వదినగారి అంత్యక్రియల్లో అందరూ తలలు వంచి ప్రార్థిస్తుంటే ఈయన వేలెత్తాడు. ఏదో అడగబోతున్నాడనుకుని పాస్టరు ఆగి, ఏమిటన్నాడు.

"కిటికీ కింద సందుందయ్యా," అన్నాడు గెడ్డిస్.

గ్లాస్గోలోని పాత రాతి ఇళ్లు తక్కువ గ్యాసుతో వెచ్చగా ఉండేలా బాగుచేయడం నేర్పే మేస్త్రీ ఆయన. ఆ విడతలో పన్నెండుమంది చేరారు. ఓడల కార్ఖానా మూతపడి వచ్చినవాళ్లు, సోమాలియానుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, ఇంకా యాభై రెండేళ్ల షీనా. షీనా ముప్పై ఏళ్లు స్కూలు వంటింట్లో పనిచేసింది, దాన్ని మూసేశారు. శిక్షణ చివర పెట్టే పరీక్షలో ఫెయిలైతే ఆమెకు వేరే పని దొరకదు. పైగా ఆమెకు చదవడం రాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కాగితం చేతికిస్తే కళ్లజోడు మరిచిపోయానంటుంది.

అదృష్టవశాత్తూ గెడ్డిస్‌కు కాగితమంటే గిట్టదు. పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. పన్నెండుమందీ వేళ్లు తడుపుకుని గోడల వెంట తిరుగుతుంటే, దారినపోయేవాళ్లు కిటికీలోంచి చూసి జాలిపడేవారు.

పరీక్షకు లోర్నా అనే అధికారి ప్రశ్నపత్రాలతో వచ్చింది. షీనా అప్పుడే కళ్లజోడు కోసం సంచి వెతుకుతున్నట్టు నటించసాగింది. గెడ్డిస్ మాత్రం, ప్రశ్నలు మీరే పైకి చదవండి, వీళ్లు చేసి చూపిస్తారని పట్టుబట్టాడు. గంటసేపు వాదించి లోర్నా ఓడిపోయింది.

షీనా నాలుగు సందులు పట్టింది. స్నానాలగది గోడలోని జాలీ దగ్గర లోర్నా ఆగి, ఇక్కడా గాలి వస్తోంది, మూసేద్దామా అని అడిగింది. అంతకుముందు కార్ఖానావాళ్లిద్దరు దాన్ని ఉత్సాహంగా మూసేసి మార్కులు పోగొట్టుకున్నారు.

"వద్దమ్మా. అది మూస్తే తేమంతా గోడకెక్కి బూజు పడుతుంది," అంది షీనా.

పాసైంది. లోర్నా సంచి సర్దుకుంటూ గెడ్డిస్‌ను నిలదీసింది.

"నిరుడు గాలి కొలిచే మీటరు పెట్టి అంకె రాయకపోతే గోడ ముట్టుకోనిచ్చేవారు కాదే. ఈ వేలి గోల ఎప్పట్నుంచి?"

"మీటరు పాడైంది," అన్నాడు గెడ్డిస్, కిటికీవైపు చూస్తూ.

షీనా మనసులో రోజులు లెక్కపెట్టుకుంది. తను మూడోసారి కళ్లజోడు మరిచిపోయిన మర్నాడే ఆ వేలు లేచింది. అంత్యక్రియలు ఆ తర్వాతే. ఇదంతా తనకోసమని ఎవరికీ అనుమానం రాకూడదని వదినగారి శవపేటిక దగ్గర కూడా ఈ మనిషి వేషం మానలేదు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"ఇక చాలు మేస్త్రీ, మానేయండి," అంది మెల్లగా.

"ఎలా తల్లీ? అలవాటైపోయింది," అంటూ గెడ్డిస్ వేలు తడుపుకున్నాడు.