మైల పట్టేవాళ్లు లేని ఇంటిపేరు

అక్టోబరు వానకు నాని కుళ్లడం మొదలుపెట్టిన మేపుల్ ఆకుల వాసన, కాస్త పుల్లగా, కాస్త మరిగిపోయిన టీ డికాషన్‌లా, వాంకూవర్ పక్కన బర్నబీలో మా వీధిని కమ్ముకున్న రోజున నేను గరాజ్ మూలనుంచి ఆకులు పోగుచేసే పాత చెక్క రేక్ బయటికి తీస్తాను. పక్కింటివాళ్లు వీపుకు మోటారు తగిలించుకుని గాలితో ఆకులు ఊదుతుంటే, ఆ రొదలో నా రేక్ గీరుకునే చప్పుడు నాకే వినిపించదు. పొడుగాటి కర్ర, దాని చివర అడ్డచెక్క, అందులో వరసగా దిగేసిన చెక్క పళ్లు, ఎక్కడా ఒక్క మేకు కూడా లేదు. మొన్న దాన్ని నేలకు ఆనించి లాగగానే ఒక పన్ను ఊడి ఆకుల్లో పడింది. వెతికి తీసి కోటు జేబులో వేసుకున్నాను.

నా చిన్నప్పుడు ఈ వీధిలో ఇళ్లన్నీ పొట్టివి. మేం ఫిజీ నుంచి వచ్చినవాళ్లం. మా ముత్తాత విశాఖపట్నం వైపునుంచి చెరుకు తోటల పనికని ఓడెక్కినవాడు. ఇంట్లో నాయనమ్మది ఆ ఓడలో వచ్చిన తెలుగు, అమ్మానాన్నలది తెలుగూ హిందీ కలిసిపోయిన మాట, నాది ఇంగ్లీషు. ఆకులు రాలే కాలం వచ్చిందంటే నాయనమ్మ కొబ్బరిపాలలో చేమాకు ఉడికించే వాసన, దీపావళికి ముందు వారమంతా కిటికీ అద్దాలకు పట్టిన నూనె ఆవిరి, వాకిట్లో వానకు ఆరిపోతున్న ప్రమిదలను ఒక్కొక్కటే చేతులడ్డుపెట్టి గరాజ్‌లోకి మోసుకొచ్చే నాన్న, నడుములోతు ఆకుల కుప్పలోకి దూకి తడి సాక్సులతో ఇల్లంతా తిరిగి తిట్లు తినే మేము. ఆ కుప్పలు పోసేది పక్కింటి ముసలాయన.

పేరు నోరు తిరగక వీధిలో అందరూ ఆయన్ని మిస్టర్ ఆర్ అనేవారు. ఇంటిపేరు రెఖెన్‌మాఖర్. జర్మనీ దక్షిణాన కొండల్లో పుట్టి, ఇక్కడ రంపపు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయింది. ఒక్కతే కూతురు, పెళ్లయి భర్త పేరు పెట్టుకుని ఎక్కడో టొరంటో దగ్గర ఓక్‌విల్‌లో ఉండేది. ఆయన చలికాలమంతా గరాజ్‌లో కూర్చుని రేక్‌లు చేసేవాడు. అంచు పదునుపెట్టిన ఇనుప గొట్టం మీద పలకలుగా చీల్చిన చెక్కముక్కను నిలబెట్టి సుత్తితో కొడితే, మూలలు చెక్కుకుపోయి, గుండ్రటి పన్ను కింద బకెట్‌లో టప్పున పడేది. ఆ చప్పుడు మా వంటింట్లోకి వినపడితే ఆయన లేచాడని, ఒంట్లో బాగానే ఉందని మాకు తెలిసేది.

నాయనమ్మ ఎవరు కనపడినా మొదట అడిగేది ఒకటే. కంచె మీదుగా ఆయన్నీ అడిగింది, నేను ఇంగ్లీషులో చెప్పాను.

"దొరా, నీ ఇంటిపేరేటి?"

ఆయన చెప్పాడు. నాయనమ్మ తనూ అనబోయి గొంతు సవరించుకుని, "ఓలమ్మ, నోట్లో ఇసక పోసినట్టుంది," అంది. ఇద్దరూ నవ్వారు. "మరి మీది?" అని ఆయన అడగ్గానే ఆమె నవ్వు ఆగిపోయింది. ఓడ దగ్గర రాసుకున్నవాళ్లు ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు రాసుకున్నారు, ఇంటిపేరు ఎవరూ అడగలేదు. అప్పన్న అనే ఆ తండ్రి పేరే ఇప్పటికీ మా పాస్‌పోర్టుల్లో చివరన ఉంది.

"మా మావ కూడా సెప్పనేదు దొరా. మాకు నేదు," అంది నాయనమ్మ.

నా బడి చదువు పన్నెండో తరగతితో ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా లైబ్రరీలోదే, ఈ తెలుగు అక్షరాలతో సహా. ఆ అలవాటు మొదలైంది మాత్రం చిన్నప్పుడే, ఆయన పేరుతోనే. జర్మన్ ఇంటిపేర్ల నిఘంటువు అట్టలు బరువుగా ఉండేవి, దాన్ని నేలమీద పెట్టి బోర్లా పడుకుని చదివాను. రెఖెన్ అంటే గడ్డి పోగుచేసే పళ్లకర్ర, మాఖర్ అంటే చేసేవాడు. ఊళ్లు పెరిగి ఒకే పేరున్నవాళ్లు ఎక్కువైనప్పుడు పనిని బట్టి మనుషుల్ని పిలవడం, ఆ పిలుపు కొడుకులకూ మనవళ్లకూ అంటుకోవడం అక్కడా జరిగిందట. కొండల్లో కొన్నిచోట్ల ఇంటికే పేరుండేది, ఆ ఇంటికి ఎవరు వచ్చి చేరినా ఆ పేరుతోనే పిలిచేవారట. ఇది చదివి, అచ్చంగా మన ఇంటిపేరే కదా అని ఎగిరి గంతేశాను. కమ్మరి పేరు ప్రతి ఊళ్లోనూ పుట్టింది గాని ఈ పేరు అరుదు. ఎందుకని ఆ పుస్తకంలో లేదు. పళ్లకర్ర ఏ రైతైనా చలికాలంలో తనే చేసుకోగలడు, అందుకు వేరే మనిషి ఎన్ని ఊళ్లకు కావాలి అని నేనే అనుకున్నాను.

ఇదంతా గరాజ్‌లో నిలబడి ఒప్పజెప్పాను. ఆయన సుత్తి దించి, "అర్థం నాకు తెలుసు పిల్లా. ఆ పేరుతో ఇంకెవరైనా మిగిలారా, అది చూసి చెప్పు," అన్నాడు. అన్నలు యుద్ధంలో పోయారు, వాళ్లకు పిల్లల్లేరు. పోయేలోగా ఆ పేరున్న ఇంకొక మనిషి గొంతు వినాలని ఆయన కోరిక.

లైబ్రరీ వెనక గోడకు దేశంలోని ఊళ్ల టెలిఫోన్ డైరెక్టరీలు ఉండేవి. శనివారాలన్నీ అక్కడే గడిపాను. వాంకూవర్ డైరెక్టరీలో ఆయన ఒక్కడే. టొరంటోలో లేరు, విన్నిపెగ్‌లో లేరు. చివరికి సస్కాచెవాన్ రాష్ట్రంలో పేరు వినని ఒక చిన్న ఊళ్లో దొరికింది, ఆయన ఇంటిపేరే, అక్షరం పొల్లుపోకుండా.

ఆదివారం ఆయన గడ్డం గీసుకుని, ఫోన్ చేయడానికి టై కట్టుకుని మా ఇంటికొచ్చాడు. చెవి సరిగా వినపడదని నన్నే మాట్లాడమన్నాడు. అవతల ఒక ఆడమనిషి ఎత్తింది. ఆ పేరు తన భర్తదట. ఆ వేసవిలోనే పోయాడట. పిల్లల్లేరు. ఫోన్ ఆయన పేరు మీదే ఉండిపోయింది, వచ్చే నెల తను అక్క దగ్గరికి వెళ్లిపోతోంది. నేను ఒక్కొక్క మాటే ఆయన చెవిలో చెప్పాను. ఆయన టై సర్దుకుని, థాంక్స్ చెప్పమన్నాడు.

నాయనమ్మ స్టవ్ ఆర్పేసి వచ్చింది.

"పోనాడా? అయితే నువ్వు తలస్నానం సెయ్యాల దొరా. ఆడు నీ ఇంటిపేరోడు. మైల."

"నేను ఆయన్ని చూడనైనా లేదు," అన్నాడు.

"సూడక్కర్నేదు. పేరొకటే, సాలదేటి?"

ఆయన టై విప్పి కుర్చీకి వేశాడు. మా డ్రైవ్‌వేలో ఆకుల మధ్య తల వంచి నిలబడితే, మొక్కలకు నీళ్లుపోసే ఆకుపచ్చ ప్లాస్టిక్ క్యాన్‌తో నాయనమ్మ ఆయన నెత్తిన గోరువెచ్చటి నీళ్లు పోసింది. పల్చటి తెల్లజుట్టులోంచి పొగలొచ్చాయి. ఆయన భుజాలు కదలడం చూసి చలికనుకున్నాను. తర్వాత మా తువ్వాలు కప్పుకుని, మా బల్ల దగ్గర కూర్చుని, చేమాకు కూర మారడిగి తిన్నాడు.

కొన్నేళ్లకు సుత్తి చప్పుడు ఆగిపోయింది. కూతురు వచ్చి అస్థికలు ఓక్‌విల్ తీసుకెళ్లింది. ఇనుప గొట్టం పాత సామానుతో పాటు ట్రక్కులో పోయింది, ఆయన చేసిన రేక్ ఒకటి మా గరాజ్‌లో మిగిలింది. నేను స్నానాలగది తలుపు దగ్గర నిలబడి, ఇప్పుడు ఆయనకెవరు తలస్నానం చేస్తారు, నేను చేస్తానన్నాను.

"నీకెందుకే? నీ ఇంటిపేరా?" అంది నాయనమ్మ. మళ్లీ తనే, "మనకి పేరే నేదు. మనకెవరి మైలా అంటదు. మనది ఎవలకీ అంటదు," అంది.

ఆ పొట్టి ఇళ్లు ఇప్పుడు లేవు. ఆయన ఇల్లు పడగొట్టి గాజు గోడల పెద్ద ఇల్లు కట్టారు. ఇంటిపేర్ల మ్యాపులు కంప్యూటర్‌లోకి వచ్చాక ఏటేటా చూస్తున్నాను. ఈ దేశం మీద ఆ పేరుకు ఒక్క చుక్కా లేదు, ఆ కొండల దగ్గరి చుక్కలు కూడా తగ్గుతున్నాయి. మా ఇంటిపేరు వెతకడానికైతే ఏం టైపు చేయాలో కూడా తెలియదు. ఊడిన పన్నును జిగురుతో అతికించి చూశాను, రెండుసార్లు లాగగానే మళ్లీ పడిపోయింది.

నిరుడు నాన్న పోయాడు. విశాఖపట్నం వైపు ఏదో ఊళ్లో మా ఇంటిపేరువాళ్లు ఉండే ఉంటారు. వాళ్లు ఆ ఉదయం మామూలుగా కాఫీ తాగి, పిల్లలకు జడలేసి, పనులకు పోయి ఉంటారు. ఎవరూ నెత్తిన నీళ్లు పోసుకుని ఉండరు.