పేరు పెట్టి పిలిచే గుమ్మం

మా బావమరిది శీను కాకినాడ నుంచి విదేశంలో ఉన్న మా ఇంటికి వచ్చిన మూడో రోజున అతని ఫోనుకు, ఇక్కడి మెరీనా బే కాసినోలో ఉచిత భోజనానికి కూపన్ వచ్చింది. పంపింది ఒక ఆన్‌లైన్ పేకాట సైటు. నిరుడు ఆ సైటులోనే తన సెల్‌ఫోన్ల దుకాణం పోగొట్టుకున్నాడు.

"తినేసి వచ్చేస్తాను బావా, పేకముక్క ముట్టుకుంటే ఒట్టు."

"వాణ్ణి ఒంటరిగా పంపకండి" అంది మా ఆవిడ లలిత. తమ్ముడి మాట మీద ఆమెకు నమ్మకం లేదు. తులసిమాల జేబులో వేసుకుని నేనూ బయలుదేరాను.

పదకొండింటికి బుకిట్ బటోక్‌లో రైలెక్కాం. జురాంగ్ ఈస్ట్‌లో ఒకసారి, బుగిస్‌లో ఒకసారి మారాలి. గంట ప్రయాణం. మా తెలుగు విని, పక్క సీటులోని పెద్దాయన పలకరించాడు. ఆయనది తాతల కాలంలోనే ఇక్కడికొచ్చిన కుటుంబం; తెలుగులో ఇక్కడి మలయ్ మాటలు, చివర 'లా' అనే ఊతపదం దొర్లుతున్నాయి.

"మకాన్ అయిందా తంబీ, అన్నం తిన్నారా? ఎక్కడికి?"

శీను చెప్పాడు.

"మీకు పాస్‌పోర్ట్ చూపిస్తే ఫ్రీ లా. ఈ దేశం వాళ్ళం, మాకు మాత్రం లోపలికి పోవాలంటే డబ్బు కట్టాలి. సొంత బిడ్డలకి అడ్డు పెట్టి, చుట్టాలకి తలుపు తీశారు. ఎందుకో చూసుకో!"

శీను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బేఫ్రంట్‌లో దిగి అంగళ్ళ మధ్య నడిచాం. చల్లగాలి, అత్తరు వాసన, పిల్లల తోపుడుబళ్ళు. జూదం అన్న మాట ఒక్క బోర్డు మీదా లేదు. అన్నదమ్ములను పాచికలకు పిలిచినవాడు కూడా కొత్త సభ చూసి వెళ్ళండనే కబురంపాడని పారాయణంలో ఎన్నిసార్లు చదివానో!

కాసినో గుమ్మం దగ్గర రెండు వరసలు. విదేశీయుల వరసలో శీను పాస్‌పోర్ట్ చేతికిచ్చాడు. కౌంటర్‌లోని అమ్మాయి అందులో పుట్టిన తేదీ చూసి చిరునవ్వు నవ్వింది. "హ్యాపీ బర్త్‌డే, మిస్టర్ శ్రీనివాస్!"

వాడి కళ్ళు తడిశాయి. "చూశారా బావా? దుకాణం పోయాక నన్ను పేరు పెట్టి పిలిచిందెవరు? ఆదివారం మీ భజనలో కూడా నన్ను లలితగారి తమ్ముడనే అన్నారు."

నిజమే. మేం చెయ్యాల్సిన పని ఈ గుమ్మం చేస్తోంది. వాడు లోపలికి వెళ్ళిపోతాడన్న భయంలో నోటికొచ్చింది అనేశాను: "ఒరేయ్, అది బళ్ళో వేసేటప్పుడు మాస్టారు రాసిన తేదీ! నువ్వు పుట్టింది నాగులచవితికి. పుట్టలో పాలు పోసొచ్చి మీ అమ్మ నిన్ను కన్నది. వీళ్ళకి తెలిసింది నీ పాస్‌పోర్టే, నువ్వు కాదు."

శీను ఆగాడు. వెనకవాళ్ళు తోస్తున్నారు. పాస్‌పోర్ట్ వెనక్కి తీసుకున్నాడు. "ఆకలేస్తోంది బావా, పదండి."

చవక తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్‌లో దోసెలు తిని మూడింటికి తిరుగు రైలెక్కాం. ఈ ఊరికి వచ్చేవాళ్ళు ఆ భవనాన్ని దూరం నుంచి, నీళ్ళ అవతలి ఒడ్డు నుంచి చూడండి. అక్కణ్ణుంచి అందంగానే ఉంటుంది. అంత దూరంలో ఉంటే దానికి మీ పేరు తెలియదు.

శీను ఒళ్ళో ఫోను రెండుసార్లు వణికింది. బోర్లించాడు గాని ఆపెయ్యలేదు. ఇకనైనా పేరు పెట్టి పిలుద్దామని, మెల్లగా "శ్రీనివాస్" అన్నాను.

వాడు ఉలిక్కిపడి ఫోను వైపు చూశాడు.