ఉత్త సీసా ఏదీ?

మామయ్యకు ఒక్కటే జబ్బు. దేన్నైనా సరే, పక్కన ఉత్తది పెట్టి చూడందే నమ్మడు.

ఉత్తది అంటే ఏమీ కలపనిది. టీ బాగుందంటే ఇంకో గ్లాసులో వేడినీళ్లు కూడా తెమ్మంటాడు. రెండూ మార్చి మార్చి చప్పరించి, "ఊఁ, తేడా ఉందిలే" అంటాడు. కొత్త సబ్బుతో బట్టలు మెరిసిపోతున్నాయని మేనకోడలు సంబరపడితే, "సబ్బు లేకుండా ఓ చొక్కా ఉతికి చూశావా?" అని ఆ సంబరం గాలి తీసేశాడు. కళ్లజోడు పెట్టించుకోవడానికి వెళ్లి, అద్దాల్లేని ఫ్రేము కూడా ఓసారి పెట్టమని కంటిడాక్టరుతో గొడవపడిన మనిషి ఆయన.

దీనికంతటికీ కారణం ఆయన ఉద్యోగం. కాలేజీ నేలమాళిగలో గదిని నింపేసే మైక్రోస్కోపు ఒకటుంది. మామూలు కంటికి ఈ జన్మలో కనపడని నలుసులు కూడా దాని తెరమీద గుండ్రాళ్లలా దర్శనమిస్తాయి. దాన్ని నడిపేది మామయ్యే. ఎవరు ఏ సీసా పట్టుకొచ్చి "ఇందులో అద్భుతం ఉందండీ" అన్నా, ముఖం కూడా చూడకుండా "ఉత్త సీసా ఏదీ?" అంటాడు. వాళ్లు తిట్టుకుంటూ మెట్లెక్కి వెళ్లి ఉత్త సీసా తెచ్చుకుంటారు. ఆయనకి పెట్టిన పేర్లన్నీ ఇక్కడ రాయడం బాగుండదు.

అలాంటి మామయ్యతో మేనకోడలికి ఓ రోజు నిజంగానే పనిపడింది. ఇల్లు సర్దుతుంటే, అమ్మ దారపు ఉండల డబ్బాలో బీపీ మాత్రల అట్టలు కనిపించాయి. ఒక్క మాత్ర కూడా తీయలేదు.

"ఏంటమ్మా ఇది?"

"దారం ఉండలు" అంది అమ్మ, కుట్టుమిషను ఆపకుండా.

"దాని కింద?"

"ఓ, అవా? వాటితో పనేముందే ఇప్పుడు? హోమియో వాడుతున్నాగా. హాయిగా నిద్రపడుతోంది."

"నిద్రకీ బీపీకీ సంబంధమేంటి? పోయినసారి కళ్లు తిరిగి మిషను మీద పడ్డావు. సూది వేల్లో దిగింది. మర్చిపోయావా?"

"అదప్పుడు. ఇందులో బంగారం ఉందటే! నానో అంటారట. కంటికి ఆనదు. ఒంట్లోకి వెళ్లి, ఎక్కడ బాగుచేసుకోవాలో ఒంటికే చెబుతుందట."

మేనకోడలు నెత్తీనోరూ బాదుకుంది. అమ్మ పట్టు ఉడుంపట్టు. ఒకసారి ఒకటి అనుకుందంటే బ్రహ్మ దిగొచ్చినా మార్చుకోదు. ఇక మామయ్యే గతి. అమ్మ వాడుతున్న హోమియో మందు సీసా ఆయన చేతికిచ్చి, "ఇందులో ఏమీ లేదని నీ నోటితో ఓ ముక్క చెప్పు మామయ్యా, చాలు. నువ్వు చెబితే వింటుంది" అంది.

"ఏమీ లేదని నీకెలా తెలుసు?" అన్నాడు మామయ్య, అనుమానంగా.

"అందరూ అంటారుగా!"

"లేదంటే నాకే భయమూ లేదు. చక్కెర తిన్నట్టే. ఉందంటున్నాడు చూశావూ ఆ హోమియో డాక్టరు, అక్కడే నాకు అనుమానం. ఉంటే ఏముంది? ఎంతుంది? మా అక్క ఒంట్లో ఏం చేస్తోంది? పద."

హోమియో డాక్టరు చిన్న గదిలో, గోడల నిండా చిన్న చిన్న సీసాల మధ్య కూర్చుని ఉన్నాడు. మామయ్య కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"బంగారం ఉందన్నారట?"

"ఉందని కొందరంటున్నారండీ" అన్నాడు డాక్టరు నెమ్మదిగా. "మందుని మళ్లీ మళ్లీ పల్చన చేస్తాం. చేసిన ప్రతిసారీ సీసాని గట్టిగా కుదుపుతాం. అప్పుడు లేచే నురగకి లోహపు నలుసులు అంటుకుని పైకి తేలతాయట. పైనున్నదే తర్వాతి సీసాలోకి పోస్తాం కాబట్టి, ఎంత పల్చన చేసినా కాసిన్ని మిగిలిపోతాయట. ఆ నలుసుని చూసి ఒళ్లు ఉలిక్కిపడి మేలుకుంటుందేమోనని ఓ ఊహ."

"ఊహా?"

"ఊహేనండీ. రుజువైందని నేననను."

మామయ్యకు ఈ జవాబు బొత్తిగా నచ్చలేదు. పోట్లాడదామని వస్తే అవతలివాడు ఒప్పేసుకుంటున్నాడు. ఇందులో ఏదో మతలబుంది.

"ఉత్త సీసా ఏదీ?" అన్నాడు గుడ్లురిమి.

డాక్టరు ముఖం విప్పారింది. "ఇన్నాళ్లకి ఒక్కరు అడిగారండీ!" అంటూ మందు కలపని స్పిరిటు ఓ సీసాలో పోసి, మందు చుక్క వేయని చక్కెర బిళ్లలు కూడా కాసిని పొట్లం కట్టిచ్చాడు. అప్పుడే మేనకోడలు మాత్రల సంగతి చెప్పేసింది. పాపం, డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అయ్యయ్యో! ఆపమని నేననలేదమ్మా. రెండూ వాడాలి. ఇప్పుడే చెబుతాను" అని అక్కడికక్కడే ఫోన్ చేశాడు.

అమ్మ అంతా విని, "అలాగేనండీ" అని పెట్టేసింది. ఇంటికొచ్చిన కూతురితో మాత్రం, "ఆయన ఉత్త మొహమాటస్థుడే. ఇంగ్లీషు డాక్టర్లు నొచ్చుకుంటారని అలా అన్నాడు" అంది. మాత్రల అట్ట డబ్బాలోంచి కదల్లేదు.

మామయ్య పరీక్ష పూర్తిచేసి వచ్చేసరికి మేనకోడలికి ఓపిక నశించింది. ఆయన సోఫాలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, మందు సీసాలో నలుసులున్నాయి."

"చూశావా!" అని అమ్మ చప్పట్లు కొట్టింది.

"ఉండు. ఉత్త సీసాలోనూ ఉన్నాయి. మా ల్యాబులో నీళ్లలోనూ ఉన్నాయి. గాజులోంచి ఊడినవి కొన్ని, గాల్లోంచి పడినవి కొన్ని. అవీ ఇవీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేడా దొరకలేదు. బంగారమైతే కనబడలేదు. నాకు కనబడలేదు కాబట్టి ఎక్కడా లేదని కూడా నేననలేను."

"అంటే ఆ డాక్టరు దగ్గర ఉత్త సీసాకి కూడా మహిమ ఉందన్నమాట!" అంది అమ్మ.

మేనకోడలికి చిర్రెత్తుకొచ్చింది. మామయ్యను వంటింట్లోకి లాక్కెళ్లింది. "ఏమీ లేదని ఒక్క ముక్క అనలేకపోయావా? అమ్మ మళ్లీ పడిపోతే ఏం చేద్దాం?"

"చూడనిది చూశానని ఎలా అనను?" అని నీళ్లు నమిలాడు మామయ్య. కానీ ముఖం పాలిపోయింది. ఉన్నట్టుండి ముందుగదిలోకి నడిచాడు.

"అక్కా, నాక్కూడా బీపీ వచ్చింది."

"నీకా? ఎప్పుడురా?"

"మొన్నే. డాక్టరు మాత్రలిచ్చాడు. అందుకే అడుగుతున్నా. నీ మందు గొప్పదంటున్నావుగా, తేల్చుకుందాం. ఒకే రక్తం మనది. నేను ఉత్త మాత్ర వేసుకుంటా. నువ్వు మాత్రా, నీ బంగారమూ రెండూ వేసుకో. రోజూ పొద్దున్నే వస్తా. ఇద్దరం మింగి కొలుచుకుందాం. నీ బీపీ నాకంటే బాగా దిగితే నీ మందుకి దండం పెడతా."

తమ్ముడి చేత దండం పెట్టించుకునే అవకాశం ఏ అక్క వదులుకుంటుంది? "ఓడిపోతావురోయ్!" అంది అమ్మ. ఆ పూటే అట్ట బయటికొచ్చింది.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే మామయ్య హాజరు. అక్క మాత్ర నాలుక మీద పెట్టుకుని నీళ్లు తాగేదాకా రెప్ప వేయడు. "నోరు తెరు. నాలుక ఎత్తు" అంటాడు. "పోలీసు వెధవా!" అని తిడుతూ ఆవిడ నోరు తెరుస్తుంది. తర్వాత యంత్రం. ఆవిడ అంకె రోజురోజుకీ దిగుతోంది. మామయ్యది మాత్రం పైపైనే ఉంటోంది. అమ్మ ఆనందం పట్టలేకపోతోంది.

మేనకోడలికి దిగులు పట్టుకుంది. అమ్మ గండం గడిచిందనుకుంటే మామయ్యకొచ్చిందే! ఆ దిగులుతోనే ఓ పొద్దున పాలకని బయల్దేరింది. మెట్ల మలుపు దగ్గర బొజ్జ పట్టుకుని పరుగున పైకెక్కుతున్న మామయ్య కనిపించాడు. పైదాకా వచ్చి, తలుపు కొట్టకుండా వెనక్కి తిరిగి కిందికి పరుగెత్తాడు. మళ్లీ పైకి.

"మామయ్యా!"

"గట్టిగా అనకు" అన్నాడాయన రొప్పుతూ. "ఇలా ఎక్కితేగానీ నా బీపీ పెరిగి చావదు."

"అంటే నీకసలు..."

"చిన్నప్పటినుంచీ గుండ్రాయిలా ఉన్నాను."

"మరి ఆ మాత్ర?"

మామయ్య జేబులోంచి పొట్లం తీశాడు. హోమియో డాక్టరిచ్చిన చక్కెర బిళ్లలు.

"ఇదేం పరీక్ష మామయ్యా? దొంగ పరీక్ష!"

"ఇంత దరిద్రపు పరీక్ష నా సర్వీసులో చెయ్యలేదే. ఎవడైనా నా గదికి పట్టుకొస్తే మెడపట్టి గెంటేద్దును" అన్నాడు, చెమట తుడుచుకుంటూ. "అక్క మింగుతోందా, లేదా? నువ్వు పాలకి పో. నాకింకా ఓ ఎక్కుడు మిగిలింది."

మేనకోడలు పాలకి పోలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికొచ్చింది. అమ్మ బల్ల మీద యంత్రం సర్ది, మాత్ర, గ్లాసు పక్కన పెట్టుకుని, తలుపు వైపు చెవి ఒగ్గి కూర్చుని ఉంది.

"ఎక్కడిదాకా వచ్చాడు?" అంది అమ్మ.

"నీకు తెలుసా?"

"ఆ రొప్పుడు వీధి చివరికి వినిపిస్తుంది. బీపీ ఉన్నవాడు అలా గంతులేస్తాడటే?"

"తెలిసీ ఎందుకూరుకున్నావ్?"

"నేను మాత్ర మానేస్తే నా అంకె పెరుగుతుంది, దాన్ని మించడానికి వాడు ఇంకో రెండు అంతస్తులు ఎక్కువెక్కుతాడు. వాడి మోకాళ్లేం కావాలి?" అంటూ అమ్మ మాత్ర నోట్లో వేసుకుంది. "తొందరగా తలుపు తియ్యి. ఆ రొప్పు తగ్గకముందే కొలిచెయ్యాలి. లేకపోతే మళ్లీ కిందికి పరుగెత్తుతాడు."