యాదగిరి ఒక్కపొద్దు: ప్లేట్‌లెట్ల కోసం నేరేడ్‌మెట్ నుంచి ఒక శనివారం

ఈ బ్లాగులో చివరిసారి రాసి రెండేళ్ళయింది. అది అరకు రైలు గురించి. ఫొటోలు నా భార్య ఉమ తీసింది. ఆ తర్వాత ఆమె లేదు, ప్రయాణాలూ లేవు. ఇప్పుడు రాస్తున్నది పది కిలోమీటర్ల ప్రయాణం, నేరేడ్‌మెట్‌లో మా ఫ్లాట్ నుంచి సికింద్రాబాద్‌లో ఒక ఆస్పత్రి దాకా. దారిలో చూడదగ్గవి ఏమీ లేవు. కానీ కాప్రా, అల్వాల్, నేరేడ్‌మెట్ వైపు నుంచి ఇదే పని మీద పిల్లల్ని తీసుకెళ్ళే ఇళ్ళు చాలా ఉన్నాయని ఈ ఏడు నెలల్లో తెలిసింది. వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా అమ్మాయి హారికకు పదహారేళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో ల్యుకేమియా అని తేలింది. కీమో మందుల వల్ల రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతుంటాయి. కారే రక్తాన్ని ఆపేవి అవే. అవి మరీ తగ్గితే ఎక్కడైనా దానంతటదే రక్తం కారవచ్చు, తలలో కూడా, అని డాక్టరమ్మ మొదటి నెలలోనే చెప్పింది. ఉమ పోయింది మెదడులో నరం చిట్లి. ఆ రోజు పొద్దున తల నొప్పిగా ఉందంది. మాత్ర ఇచ్చి ఆఫీసుకు వెళ్ళాను. కాబట్టి డాక్టరమ్మ ఆ మాట నాకు రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఒంటరిగా అయితే ఈ ఏడు నెలలు గడిచేవి కావు. మాది పన్నెండు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఏ రోజు ఎవరు వండాలో, ఎవరు ఆస్పత్రిలో కూర్చోవాలో రాసిన కాగితం లిఫ్టు పక్కన అంటించి ఉంటుంది. ఆ కాగితం రాసేది కింది ఫ్లాటు వసంత గారు, రాజమండ్రి వైపు మనిషి, ఉమ స్నేహితురాలు. ఇన్ఫెక్షన్ సోకుతుందని హారికకు బయటి తిండి, పచ్చివి, గుడిలో పంచేవి ఏవీ పెట్టకూడదన్నారు. ఒకసారి వసంత గారు పులిహోర ప్రసాదం తెచ్చారు. నేను కాదనలేక తలుపు దగ్గరే నిలబడ్డాను. "కంగారు పడకండి అన్నయ్య గారూ, కుక్కర్‌లో పెట్టి నాలుగు విజిల్స్ రానిచ్చాను. పురుగన్నది బతకదు," అన్నారు. అది పులిహోరలా లేదు. హారిక చూసి నవ్వింది, అయినా తినలేకపోయింది.

ఆ శుక్రవారం రక్త పరీక్షలో, లక్షన్నర పైన ఉండాల్సిన ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలు. మర్నాడు పొద్దున్నే దాతను వెంటబెట్టుకుని రమ్మన్నారు. హారికది బి నెగెటివ్, తల్లి గ్రూపు. నాది ఓ పాజిటివ్, నేను పనికిరాను. ఉమ ఫోన్ ఇంకా ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను. అందులో బి నెగెటివ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. ఎవరికి అవసరమొచ్చినా అందులో పెడితే, దగ్గరలో ఉన్నవాళ్ళు వెళ్ళి ఇచ్చి వస్తారు. ఉమ కూడా వెళ్ళేది. సాయంత్రం ఆ ఫోన్ నుంచే రాశాను. "నేను ఉమ భర్తను. ఉమ చనిపోయి రెండేళ్ళయింది. మా అమ్మాయికి ప్లేట్‌లెట్లు కావాలి." తర్వాత ఇద్దరు రాశారు. ఒకాయన ఊళ్ళో లేడు. రెండో ఆయన అల్వాల్‌లో ఉండే యాదగిరి, క్యాబ్ నడుపుతాడు. "బండి నాదే తెస్తా సార్. బిడ్డను అందులనే తీస్కపోదాం," అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

శనివారం ఆరున్నరకు కారు మా గేటు ముందుంది. యాదగిరికి నలభై ఏళ్ళుంటాయి, గట్టి మనిషి. మూతికి మాస్కు. కారులో దేవుడి పటానికి ఉన్న పూలదండ తీసేశాడు. పూలు హారికకు దగ్గరగా ఉండకూడదని తనే ఎవరినో అడిగి తెలుసుకున్నాడట. వసంత గారు ఫ్లాస్కులో బియ్యం జావ, ఇంకో ఫ్లాస్కులో టీ తెచ్చారు.

"టీ తాగు బాబూ," అన్నారు యాదగిరితో.

"వద్దమ్మా. ఇయ్యాల వద్దు."

ఇవాళ ఎందుకు వద్దో నేను అడగలేదు. అడగడం నా అలవాటు కాదు.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఏడు లోపు బయల్దేరితే నేరేడ్‌మెట్ క్రాస్‌రోడ్స్, ఆర్.కె.పురం ఫ్లైఓవర్, కంటోన్మెంట్ రోడ్ల మీదుగా మారేడ్‌పల్లికి చేరి, సంగీత్ చౌరస్తా దాటడానికి ముప్పై ఐదు నిమిషాలు చాలు. ఎనిమిదిన్నర దాటితే గంట పైనే. క్యాబ్‌కు మూడు వందల యాభై దాకా అవుతుంది. యాదగిరి తీసుకోలేదు. కీమోలో ఉన్న పిల్లలతో బస్సు, మెట్రో పెట్టుకోకండి. ముందు సీటు వెనక్కి వాల్చి పడుకోబెడితే వాంతి తక్కువ.

మారేడ్‌పల్లిలో హారిక ముక్కు నుంచి రక్తం మొదలైంది. తల ముందుకు వంచి, గుడ్డ అడ్డం పెట్టి ముక్కు గట్టిగా పట్టుకున్నాను. యాదగిరి తల తిప్పి చూశాడు. అక్కడి నుంచి ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కారు దాదాపు ఆగిపోయి, పాకుతూ ఎక్కి దిగింది. వెనక హారన్లు మోగాయి.

"అంకుల్, వాళ్ళు తిడుతున్నరు," అంది హారిక గుడ్డలోంచి.

"తిట్టనీ బిడ్డా. నా బండి, నా ఇష్టం."

"నాన్నా, తల నొప్పి లేదు. నువ్వు అడగకముందే చెప్తున్నా," అంది నాతో.

ఏడుంబావుకు డే కేర్ వార్డులో చేర్చుకున్నారు. రక్తం తీశారు. ఎనిమిదిన్నరకు రిపోర్టు వచ్చింది. తొమ్మిది వేలు. ఒక్క రాత్రిలో సగానికి పడిపోయింది. మధ్యాహ్నం రెండు లోపు ప్లేట్‌లెట్లు ఎక్కించడం మొదలుపెడితే మంచిదని డాక్టరమ్మ అంది. పిల్లను మంచం దిగనివ్వొద్దంది. వార్డు వాళ్ళను ఒక కన్నేసి ఉంచమని, నేను యాదగిరిని తీసుకుని బ్లడ్ బ్యాంకుకు వెళ్ళాను. అది వెనక బిల్డింగులో, కింది అంతస్తులో ఉంటుంది.

అక్కడి టెక్నీషియన్ అమ్మాయి బరువు చూసింది, నరం చూసింది. రెండూ బాగున్నాయంది. తర్వాత కాగితం చూస్తూ అడిగింది.

"పొద్దున ఏం తిన్నరు?"

"ఏం తినలే మేడం. ఒక్కపొద్దున్న."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఒక్కపొద్దుంటే ఎట్ల అన్నా? గంటన్నర మిషన్ మీదుంటరు. కళ్ళు తిరిగి పడ్తరు. తినొచ్చి గంట కూసోండ్రి, అప్పుడు చూస్త."

"నాకేం కాదు మేడం. నేను గట్టిగున్న."

"మీకు కాదు, నా ఉద్యోగానికి అయితది," అని ఆమె తర్వాతి వాళ్ళను పిలిచింది.

గేటు బయట ఇడ్లీ బండి ఉంది. యాదగిరిని అక్కడికి తీసుకెళ్ళాను. అతను బల్ల మీద కూర్చున్నాడు గాని ప్లేటు ముట్టలేదు. నేల చూస్తూ చెప్పాడు. శుక్రవారం నా మెసేజ్ చూడగానే మొక్కుకున్నాడట. తన రక్తం బిడ్డకు ఎక్కేదాకా మెతుకు ముట్టనని, నీళ్ళు సుత తాగనని.

"దేవుడు అర్థం చేసుకుంటాడు యాదగిరీ. మా అమ్మాయి కోసమేగా తినమంటున్నది."

"మీరు చెప్తే అయితదా సార్? మాట తప్పితే నాకేమన్న అయితే కానియ్యి, గని అది నాకు తగలదు. బిడ్డకు తగుల్తది."

ఆయన తినకుండా రక్తం తీసుకోరు. రక్తం ఎక్కకుండా ఆయన తినడు. నేను డిగ్రీలో తర్కం చదువుకున్నాను. ఆయనకు చెప్పగలిగింది అందులో ఒక్కటీ లేదు. తొమ్మిదీ నలభై అయింది. వార్డులో తొమ్మిది వేలు ఇంకా తగ్గుతూ ఉండొచ్చు. ఇడ్లీ బండి ఆయన నా వైపు చూశాడు.

"ఏంది పరేషాన్? ఇడ్లీ బాగలేదా?"

"ఆయన రక్తం ఇవ్వాలి. తినకుండా వచ్చాడు," అన్నాను.

"రక్తమిస్తవా? మరి నాలుగెందుకు, ఆరు తిను. నెయ్యి కారం వెయ్యనా?"

"వద్దు. ఉత్తవే," అన్నాను. ప్లేట్‌లెట్లు ఇచ్చేవాళ్ళు నెయ్యి, నూనె తినకూడదు.

"ఉత్త ఇడ్లీ పేషెంట్లు తింటరు సార్," అంటూ పెట్టాడు.

యాదగిరి తినలేదు. నాకు ఇంకేం తోచక హారికకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. అంతా వింది. తర్వాత స్పీకర్ పెట్టమంది.

"అంకుల్, ఆ ఒక్కపొద్దు ఎవరి కోసం?"

"నీ కోసమే బిడ్డా."

"అయితే నాకిచ్చేయండి. నేనుంటా. నోరంతా పుండ్లు, నిన్న పొద్దున్నుంచి ఏం తినలే. మీరు ఇడ్లీ తినండి, ఒక్కపొద్దు నాది."

యాదగిరి ఫోన్ వంక చూశాడు. "గట్ల మార్చుకోవచ్చా?"

"మా అమ్మ మార్చుకునేది. శనివారం మా ఇంట్లో ఒక్కపొద్దు. నాన్న మర్చిపోయి ఆఫీసులో ఏమన్నా తినేసేవాడు. ఇంటికొచ్చి చెప్తే, ఆ పూట నాన్నది కూడా తనే ఉండేది. నాన్నకు తెల్వదు. చెప్పొద్దని నాకు చెప్పింది."

నాకు తెలియదు. పదిహేడేళ్ళ సంసారంలో శనివారాలు ఎన్ని ఉంటాయో లెక్కపెట్టలేదు. ఆ పూటలు ఆమె వడ్డించి పక్కన కూర్చునేది. తర్వాత తింటాననేది.

యాదగిరి ఫోన్ దగ్గరికి వంగాడు. "మరి నీళ్ళెట్ల బిడ్డా?"

"తాగకుంటే సిస్టర్ తిడతది అంకుల్."

"నీళ్ళు తాగు. నీళ్ళకు దోషం లేదు," అన్నాడు. తన విషయంలో నీళ్ళకు కూడా దోషం ఉన్న మనిషి. కళ్ళకు అద్దుకుని ప్లేటు దగ్గరికి తీసుకున్నాడు. ఆరు ఇడ్లీలు తలెత్తకుండా తిన్నాడు.

పదకొండుకు ఆయన్ను మిషన్ మీద కూర్చోబెట్టారు. ఒక చేతి నుంచి రక్తం తీసి, ప్లేట్‌లెట్లు వేరుచేసి, మిగతాది తిరిగి ఎక్కించేస్తారు. పెదవులు తిమ్మిరెక్కుతున్నాయన్నాడు. కాల్షియం మాత్ర ఇచ్చారు. పన్నెండున్నరకు అయిపోయింది. పరీక్షలన్నీ ముగిసి సంచీ వార్డుకు వచ్చేసరికి ఒకటీ నలభై. పెసరకట్టు రంగులో ఉంది. నలభై నిమిషాల్లో ఎక్కింది. ఆ నలభై నిమిషాలూ నేను హారిక పేరు, ఊరు, తేదీ అడుగుతూనే ఉన్నాను. ఆమె తప్పు లేకుండా చెప్పింది. చివరికి విసుక్కుని, ఎక్కాలు కూడా అప్పజెప్పనా అంది.

రెండున్నరకు యాదగిరి ఫోన్ చేశాడు. ఇంటికి వెళ్ళి పడుకోమని చెప్పినా కారులోనే ఉన్నాడు.

"ఎక్కిందా సార్?"

"ఎక్కింది."

"అయితే బిడ్డను ఒక్కపొద్దు విడవమనుండ్రి. విడిస్తెనే మొక్కు తీరినట్టు. ఊకె ఉంటే తీరదు."

హారికకు ఆ మాట చెప్పాను. ఫ్లాస్కు మూత తీశాను. జావ ఇంకా వెచ్చగా ఉంది. రెండు రోజులుగా ఎంత బతిమాలినా నోరు తెరవని పిల్ల లేచి కూర్చుంది. మొదటి చెంచాకు పుండ్లు మండి కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఆగమన్నాను. ఆగలేదు. పాపం ఆయన కింద కూర్చున్నాడు కదా, అంది. ఐదు చెంచాలు తాగింది. అరగంట పట్టింది. ఐదోది అయ్యాక, తీరిందని చెప్పు, అని కళ్ళు మూసుకుంది.

ఎక్కించిన ప్లేట్‌లెట్లు మూడు నాలుగు రోజుల కంటే నిలవవు. మంగళవారం మళ్ళీ వెళ్ళాం, వేరే దాతతో. మందులు ఇంకా రెండేళ్ళు ఉన్నాయి. ఆ తర్వాత ఏమిటో డాక్టరమ్మ చెప్పదు, నేనూ అడగడం లేదు. ఇదివరకు ఎక్కడికి వెళ్ళినా తిరిగొచ్చాక ఆ చోటు ఎలా ఉందో రాసేవాణ్ణి. ఈ చోటు ఎలా ఉందో నాకు తెలియదు. మంచం పక్కన కుర్చీలోంచి కనబడినంతే తెలుసు. అక్కడికి మమ్మల్ని తీసుకెళ్ళిన మనుషులు మాత్రం తెలుసు. వాళ్ళలో ఎక్కువమంది ఉమకు తెలిసినవాళ్ళు. ఆమె ఉండగా వాళ్ళ పేర్లు నేను అడగలేదు.

ఈ పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. దాతను ముందురోజే అడగండి, రేపు ఒక్కపొద్దు ఉంటారా, మాకోసం ఏమైనా మొక్కుకున్నారా అని. మొహమాటపడకండి. ఆస్పత్రి వాళ్ళిచ్చే కాగితంలో రెండో ప్రశ్న ఉండదు.