భీముడు శెనక్కాయ ఏసినాడా?

మా శేషయ్య శెట్టికి ఉన్నది ఒకటే రోగం. చరిత్రలో అందరికంటే గట్టోడు ఎవడో తేలాలి. పొద్దున అంగడి తలుపు తీసి, గల్లాపెట్టెకు దండం పెట్టి, అగరొత్తి వెలిగించి, దాని పొగ ఇంకా పైకి లేవకముందే "ఏమప్పా ఓబుళేసూ, చెంఘిజ్ ఖాన్ మీద నీ అభిప్రాయమేంది?" అని అడిగేవాడు. నేను ఆయన అంగడి అరుగు మీద కుట్టుమిషను పెట్టుకున్న టైలరును. చెంఘిజ్ ఖాన్ మీద నాకేం అభిప్రాయం ఉంటుంది? ఆయన కొలతలు నా దగ్గర లేవు.

మా ఊరు ముదిగుబ్బ నుంచి కదిరి పోయే దారిలో ఉంది. శెట్టి అంగడిలో తాళ్లు, పారలు, గునపాలు, ఎద్దుల మెడగంటలు దొరికేవి. వాటికోసం వచ్చిన రైతు ఈ గట్టోళ్ల చర్చలో ఇరుక్కుని, కొనాల్సింది మరిచిపోయి, ఇంటికి పోయి పెండ్లాంతో తిట్లు తిని మళ్లీ వచ్చేవాడు. వచ్చి మళ్లీ ఇరుక్కునేవాడు. హనుమంతరాయుడు ఎద్దుకు పలుపుతాడు కొందామని తిరిగి తిరిగి, చివరికి తాడు కొనకుండానే ఎద్దును అమ్ముకున్నాడని ఊళ్లో చెప్పుకునేవారు. అందులో కొంచెం అబద్ధం ఉంది. ఎద్దును అమ్మింది గడ్డి లేక.

చర్చకు పద్ధతులు ఉండేవి. దేవుళ్లు పోటీలో లేరు. ఎవరో ఆంజనేయస్వామి పేరెత్తితే శెట్టి చెంపలు వేసుకుని, "ఆయన్ను మనం తూకమేస్తామా, కండ్లు పోతాయి" అని పక్కన పెట్టాడు. మరి భీముడు వాయుదేవుడి కొడుకు కదా అంటే, "బువ్వ తినేవోడు మనిషి కిందే లెక్క" అన్నాడు. ఇక జడ్జిని నేను. కారణం అడిగితే, మెడలో టేపు ఉండేది ఊళ్లో నాకొక్కడికేనట. ఈ ఉద్యోగం వల్ల నేను ఎన్ని ప్యాంట్లకు కాళ్లు పొట్టిగా కుట్టానో ఆ దేవుడికే తెలుసు.

అన్నిటికంటే గట్టి పద్ధతి ఇంకొకటి. ఓడినవాడు ఎదురుగా చెన్నప్ప హోటల్లో టీ తెచ్చి, తన చేత్తో గెలిచినవాడి గ్లాసులో పోయాలి. గెలిచినవాడు తాగి తీరాలి. వద్దంటే గెలుపు రద్దు. ఒక శనివారం కదిరి నుంచి వచ్చిన చుట్టమొకాయన గెలిచినంత పని చేసి, "ఈ పొద్దు ఒక్కపొద్దు, టీ వద్దు" అన్నాడు. శెట్టి అక్కడికక్కడే గెలుపు కొట్టేసి, ఆ టీ తానే తాగాడు.

నిజానికి ఆయనను ఓడించడం ఎవరి తరమూ కాదు. ఎంతటి వీరుణ్ణి తెచ్చినా ఆయన దగ్గర ఒకటే ప్రశ్న, మా మెట్టల్లో వేసే వేరుశెనగ మీద.

"అలెగ్జాండరు శెట్టీ. లోకమంతా జయించినాడు."

"జయించినాడు, నేను కాదన్లా. శెనక్కాయ ఏసినాడా?"

"రాజులు యాడన్నా శెనక్కాయ ఏస్తారా?"

"మూడేండ్లు వాన రాక, ఏసిందల్లా ఎండిపోయి, నాలుగో ఏడు మబ్బు మొగం చూసి మళ్లీ ఇత్తనం ఏసినోడు గట్టోడా, గుర్రమెక్కి పోయినోడు గట్టోడా? నువ్వే చెప్పప్పా."

అడిగిన రైతు మూడేళ్లుగా చేస్తున్నది అదే. ఇంక వాడేం చెబుతాడు? మీసం కింద నవ్వుకుని పోయి టీ తెచ్చి పోసేవాడు. నెపోలియను మంచుకు ఓడిపోయాడని తెలిసి శెట్టి నిజంగా జాలిపడ్డాడు. "చలికే అట్లయితే, మే నెలలో ఈడ బస్సుకు నిలబెడితే ఏమైపోతాడు పాపం" అన్నాడు. ఒకసారి బడిలో పాఠాలు చెప్పే హేమలత టీచరమ్మ దారిన పోతూ కృష్ణదేవరాయల తరఫున మాట్లాడింది.

"ఆయన చెరువులు తవ్వించినాడు, మంచోడమ్మా. మంచోడు వేరే, గట్టోడు వేరే. శెనక్కాయ ఏసినాడా?"

"ఆయన కాలానికి మన పక్క శెనక్కాయ పంటే లేదండీ."

శెట్టి కాసేపు ఆలోచించి, "అదృష్టవంతుడు" అన్నాడు.

ఆయనకు ఎదురు నిలిచినవాడు ఒక్కడే, గురప్ప. ఐదెకరాల మెట్ట, మెలితిరిగిన మీసం. మా ఊరి వీధినాటకంలో భీముడి వేషం ఎప్పుడూ గురప్పదే. వేషం తీసేసినా భీముణ్ణి మాత్రం వదిలేవాడు కాదు. శెట్టి అంగడిలో పార కట్టెను గదలా తిప్పుతూ వాదించేవాడు.

"భీముడు శెనక్కాయ ఏసినాడా?" అనేవాడు శెట్టి.

"అడవిలో ఉండేవోడు యాడేస్తాడు శెట్టీ?"

"నేనూ అదే చెప్తాండా."

గురప్ప పార కట్టె విసిరికొట్టి, టీ తెచ్చి, శెట్టి గ్లాసులో కోపంగా పోసి వెళ్లిపోయేవాడు. మర్నాడు మళ్లీ భీముడితోనే వచ్చేవాడు.

ఇట్లా జరుగుతుండగా రెండువేల మూడు ఎండాకాలం వచ్చింది. అప్పటికి వరసగా పంటలు పోయాయి. బోర్లలో నీళ్లకు బదులు గాలి వస్తోంది. ఏదో సంస్థ వాళ్లు మా బడి వసారాలో గంజి కేంద్రం పెట్టారు. మధ్యాహ్నం పూట పెద్ద డేగిసాలో రాగి గంజి కాచి పోస్తారు. చూసుకునేది హేమలత టీచరమ్మే. పిల్లలు పోయారు, ముసలివాళ్లు పోయారు. భూమి ఉన్న రైతు మాత్రం ఒక్కడూ ఆ గడప తొక్కలేదు. బడి ముందు నడవాల్సి వస్తే రోడ్డుకు అవతలి పక్క నుంచి, ఆకాశంలో ఏదో పని ఉన్నట్టు పైకి చూస్తూ నడిచేవారు. నలుగురికి పెట్టిన చెయ్యి చాచడమంటే మా పక్క చావుతో సమానం.

ఒకరోజు గురప్ప భార్య మారెక్క, మొగుడి చొక్కాలు రెండు తెచ్చి నా మిషను మీద పెట్టింది.

"వీటికి పక్కలు లోపలికి పట్టెయ్యన్నా. వదులైనాయి."

"నిరుడే కదమ్మా కుట్టినా, కొలత తప్పలేదే."

"కొలత నీది తప్పలేదు. ఆయప్పదే తప్పింది" అంది మారెక్క. తర్వాత గొంతు తగ్గించింది. "ఇంట్లో ఉండేది పిల్లోళ్లకు పెట్టమంటాడు. నువ్వు తిను అంటే శెట్టి అంగడి కాడ తిన్నానంటాడు. నిజమేనా అన్నా?"

నేను శెట్టి వైపు చూశాను. అంగడిలో గురప్ప తిన్నది ఏమీ లేదు. ఇక్కడ ఎవరైనా అడిగితే "ఇంట్లో తినొచ్చినా" అనేవాడు. అంతకు ముందు వారమే గద తిప్పబోయి, కండ్లు తిరిగి, గునపాల పక్కన కూలబడి, "భీముడు కూర్చోని ఆలోచిస్తాండాడు" అని బుకాయించాడు. శెట్టి ఆ రోజే జొన్నల మూట పంపితే, మూట వచ్చిన దారినే తిరిగి వచ్చింది. ఊరికే తీసుకునే మనిషి కాడు.

మారెక్క పోయాక శెట్టి అమ్మకానికి పెట్టిన తాడునే ముడేసి, విప్పి, మళ్లీ ముడేశాడు. చెంఘిజ్ ఖాన్ ఊసు కూడా ఎత్తలేదు. నాకు భయమేసింది.

మర్నాడు మధ్యాహ్నం గురప్ప రాగానే శెట్టి లేచి, అంగడికి తాళం వేశాడు.

"ఈ రేకుల కింద ఉడికిపోతాండాం. కోర్టు బడి వసారాకు మారుస్తాండా. ఓబుళేసూ, టేపు తీసుకో. గురప్పా, ఈ పొద్దు మీ భీముణ్ణి శాశ్వతంగా తీసేస్తా, రా."

సగం కుట్టిన జాకెట్టు సూది కిందే వదిలేసి నేనూ బయలుదేరాను. ఆ జాకెట్టుగలామె తర్వాత నన్నేమన్నదో ఇక్కడ రాయలేను. బడి గేటు దగ్గర గురప్ప ఆగిపోయాడు.

"నేను రాను శెట్టీ. మేమేం గంజికి గతిలేనోళ్లమా?"

"గంజికి నిన్నెవురు పిలిచినారు? వాదానికి పిలిచినా. భయమైతే పో."

భయమన్న మాటకు భీముడు ఊరుకుంటాడా? వచ్చి, వసారాలో కూచున్నవాళ్లకు దూరంగా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. శెట్టి మాత్రం నేరుగా పోయి, పిల్లల పక్కన బాసిపట్టు వేసుకుని కూర్చుని, గిన్నె ముందుకు చాచాడు. ఊరంతటికీ సామాను అమ్మే శెట్టి. టీచరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"పొయ్యమ్మా, గరిటె పట్టుకొని చూస్తావేంది" అన్నాడు. పోస్తే ఒక గుక్క తాగాడు. మొహం అదోలా పెట్టాడు. వేడి అనుకున్నాను.

"ఇప్పుడు చెప్పు గురప్పా. భీముడు కరువు చూసినాడా? పెరిగింది రాచకొంప. వండేవోళ్లు వండుతాంటే తిన్నాడు. ఒకరి ముందర చెయ్యి చాచాల్సొచ్చింటే ఆ పొద్దే రోషంతో పానం తీసుకునింటాడు. ఆకలికి నిలబడనోడు గట్టోడెట్లయితాడు?"

గురప్పకు కోపం నషాళానికి అంటింది. స్తంభం వదిలి ముందుకు వచ్చాడు.

"భారతం తెలీకుండా మాట్లాడొద్దు శెట్టీ. ఏకచక్రపురంలో ఏం జరిగింది?"

"ఏం జరిగింది?"

"అన్నదమ్ములు ఇంటింటికీ పోయి బిచ్చమెత్తినారు. తెచ్చిందాంట్లో సగం కుంతమ్మ భీముడికే పెట్టేది."

"బిచ్చం బువ్వ తిన్నాడా? భీముడే?"

"తిన్నాడు."

"సిగ్గుపడలేదా?"

"యాల సిగ్గు? ఆకలైంది, తిన్నాడు. పని పడింది, లేచినాడు. ఆ బువ్వ తినకుంటే బకాసురుణ్ణి ఎవురు సంపుతారు, మీ నాయనా?"

వసారాలో పిల్లలు కూడా తాగడం ఆపారు. గురప్ప ఇంకా ఏదో అనబోయి, వాళ్ల చేతుల్లోని గంజి గిన్నెల వైపు చూశాడు. శెట్టి గిన్నె కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"జడ్జిగారూ, ఈ ప్రశ్నకు నా కాడ జవాబు లేదు. ఓడిపోయినా."

నా చెవులు నేనే నమ్మలేదు. ఆ మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకునేలోపే శెట్టి లేచి, టీచరమ్మ చేతిలో గరిటె లాక్కుని, ఒక గిన్నె నింపి గురప్ప ముందుకు తెచ్చాడు.

"ఓడినోడు పోస్తాడు, గెలిచినోడు తాగుతాడు. టీ లేదు, ఈడ ఉండేది ఇదే."

"శెట్టీ" అన్నాడు గురప్ప. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"తాగకుంటే గెలుపు రద్దు. భీముడు పోతాడు. నీ ఇష్టమప్పా."

గురప్ప నా వైపు చూశాడు. నేను టేపు సర్దుకుని, పద్ధతి పద్ధతేనన్నాను. భీముడి కోసం గిన్నె అందుకున్నాడు. కూర్చుని, మొత్తం తాగాడు. శెట్టి ఇంకో గరిటె పోశాడు. అన్నేళ్లుగా జడ్జి ఉద్యోగం మీద నాకున్న కోపమంతా ఆ మధ్యాహ్నం పోయింది.

మర్నాటి నుంచి కోర్టు అక్కడే. గురప్ప శెట్టిని ఓడించాడన్న వార్త గుప్పుమంది. అన్నేళ్లుగా టీలు పోసిన రైతులంతా పగ తీర్చుకోవడానికి ఒక్కొక్కరే వచ్చారు. శెట్టి అందరికీ ఓడిపోయాడు. హనుమంతరాయుడు చరిత్రలో ఎవరూ దొరక్క వాళ్ల తాతను తెచ్చాడు, ఆ తాతకూ ఓడిపోయాడు. ఓడి, లేచి, గరిటె పట్టి పోసేవాడు. టీచరమ్మ ఇంకో డేగిసా పొయ్యి మీదకెక్కించింది. చెన్నప్ప మాత్రం హోటలు ముందు ఈగలు తోలుకుంటూ, "శెట్టికి ఏమొచ్చిందప్పా, ఒక్కసారన్నా గెలవకూడదా" అని ఏడ్చాడు.

అసలు సంగతి శెట్టి భార్య రామసుబ్బమ్మ వల్ల తెలిసింది. అంగడికి వచ్చి నా మీద విరుచుకుపడింది.

"రాగి వాసనొస్తే ఇంట్లోంచి లేచి పోయే మనిషి ఓబుళేసూ. పెండ్లయినప్పటి నుంచి నన్ను ఇంట్లో రాగిపిండి పెట్టనీలేదు. ఇప్పుడు రోజూ ఆడ తాగొచ్చి, జీలకర్ర నీళ్లు తాగి, కడుపు పట్టుకొని పడుకుంటాడు. ఆ గట్టోళ్లెవురో నాకు చూపీ, చీపురు తిరగేస్తా."

"వద్దని చెప్పకూడదా అమ్మా?"

"చెప్పినా. నేను ముందర కూర్చోకుంటే ఆ పక్కన ఇంకెవురూ కూర్చోరు, నువ్వు గమ్మునుండు అన్నాడు."

ఆ ఏడు వాన ఆలస్యంగానైనా వచ్చింది. రెండు పదునుల వాన, విత్తనానికి సరిపడా. గంజి కేంద్రం ఎత్తేశారు, కోర్టు మళ్లీ అరుగు మీదకు వచ్చింది. విత్తనం వేసిన సాయంత్రం, కాళ్లకు ఎర్రమట్టితో గురప్ప వచ్చాడు. నేను పక్కలు పట్టిన చొక్కా అప్పుడే బిగుతుగా ఉంది.

"భీముడు శెట్టీ" అన్నాడు మెట్లు ఎక్కుతూనే.

"భీముడు శెనక్కాయ ఏసినాడా?"

"వేసవిలో ఓడిపోయినావు కదా?"

"ఆడ ఓడింది ఈడ చెల్లదు. జాగా మారింది."

గురప్ప వాదించలేదు. పోయి చెన్నప్ప దగ్గర టీ తెచ్చి, శెట్టి గ్లాసులో నిండుగా పోసి, వచ్చి నా మిషను పక్కన కూర్చున్నాడు.

"ఆయప్పకు రాగి గంజి పడదు కదన్నా" అన్నాడు మెల్లగా.

"నీకెవరు చెప్పినారు?"

"ఎవురన్నా చెప్పాల్నా? మొదటి గుక్కప్పుడే మొగం చూసినా."

"మరి తాగొద్దని చెప్పలేదేం?"

"చెప్తే ఆయప్ప లేస్తాడు, ఆయప్ప లేస్తే నేను లేస్తా, నేను లేస్తే అందరూ లేస్తారు." కాసేపు కాళ్ల మట్టి గోకుకున్నాడు. "భీముడిది ఏముందిలే అన్నా, ఆకలైంది, తిన్నాడు. ఆకలి లేకుండా, పడనిది, ఒకరి కోసం దినామూ తాగేవోడు గట్టోడు కాదా?"

శెట్టికి చెవులు పాము చెవులు. గ్లాసు నోటి దగ్గర ఆపి, "ఎవురప్పా ఆ గట్టోడు?" అని అడిగాడు.

"ఎవురో లే శెట్టీ. చరిత్రలో ఒకాయప్ప" అన్నాడు గురప్ప.

"శెనక్కాయ ఏసినాడా?"

గురప్ప నా వైపు చూశాడు. నేను గురప్ప వైపు చూశాను.

"లేదు శెట్టీ. ఆయప్పకు భూమే లేదు."

"అయితే తీసెయ్" అని శెట్టి హాయిగా టీ తాగాడు.